చప్పుడు చేయని కవచం

ఉతికిన బట్టల కుప్ప ముందు కూర్చుని ఆమె పిల్లాడి లంగోటీలు మడతపెడుతోంది. ఎదురుగా బల్ల దగ్గర భర్త ఆట పుస్తకంలో ఒక రూలు కొట్టేసి, పైన కొత్తది రాసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"విను. 'ఇనప కవచం తొడుక్కున్న వీరుడు నడిస్తే ఇకమీదట చప్పుడు రాదు.' ఎలా ఉంది?"

"ఇనుముకు చెప్పారా ఈ సంగతి?" అంది ఆమె తలెత్తకుండా.

ఆదివారం సాయంత్రమైతే చాలు, ఆ బల్ల చుట్టూ స్నేహితులు చేరి, పాచికలు వేసుకుంటూ, ఊహల్లోనే కోటలూ గుహలూ తిరిగొస్తారు. కథ నడిపేది అతనే కాబట్టి అందరికీ అతను మాస్టారు. అదే కథలో అతనికి సొంతంగా ఒక ఇనప వీరుడు కూడా ఉన్నాడు. ఆమె అందులో దొంగగా ఆడుతుంది. పోయిన వారం ఇనప వీరుడు గలగలమంటూ గుహలోకి పోయి, నిద్రపోతున్న రాక్షసుణ్ణి లేపి, వాడి నోట్లో పడ్డాడు. అప్పటినుంచి మాస్టారికి ముద్ద దిగడం లేదు.

"అంపైరూ మీరే, బ్యాటు పట్టుకునేదీ మీరే," అంది ఆమె. "కవచానికి లాభమే తప్ప నష్టం లేదంటే, రేపటినుంచి అందరూ అదే తొడుక్కుంటారు. గుహ నిండా గిన్నెల దుకాణమే. చప్పుడు కాకుండా నడవడం ఒక్కటే నా దొంగకున్న విద్య. అదీ మీ ఇనప బండోడికి ఇచ్చేస్తే, నేను ఆటలో ఏం చేయాలి? అందరికీ టీ పెట్టాలా?"

"అబ్బా, మావాడు తర్ఫీదైన వీరుడే. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తాడు."

"నీళ్ళలో దూకినా మునగడా?"

"అది వచ్చే వారం రూలు."

ఆమె ఇంకో లంగోటీ మడతపెట్టింది. "సరేలెండి. నేను బయల్దేరనా? అక్క వీధి చివర నిలబడి ఉంటుంది. సినిమాకెళ్ళు, పిల్లాణ్ణి నేను చూసుకుంటాను అన్నారుగా."

మాస్టారు పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "ఈ ఒక్క వారం ఆగు. సాయంత్రం వాళ్ళొచ్చేసరికి ఈ రూలు తేలాలి. మధ్యలో వాడు లేచి రాగం అందుకుంటే నావల్ల కాదు."

"పోయిన వారమూ ఇదే మాట."

"పోయిన వారం గుర్రాల రూలు. ఇది కవచం."

ఆమె పిల్లాణ్ణి ఛాతీకి కట్టుకుని తిరిగే సంచిని కూడా దులిపి, మడతపెట్టి, ఉయ్యాల వైపు చూసింది. పిల్లాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాణ్ణి పడుకోబెట్టేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"అయితే రూలు తేల్చేద్దాం, లేవండి," అంది. "కవచం వంటింట్లో కావలసినంత ఉంది. రాక్షసుడు ఉయ్యాల్లోనే ఉన్నాడు. వాణ్ణి లేపకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి చూపించండి. నడిస్తే మీ రూలే రూలు. సాయంత్రం వాళ్ళకు నేనే చెబుతాను."

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఆమె అంత తేలిగ్గా ఎందుకు దిగొచ్చిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

భుజాలకు రెండు మూకుళ్ళు. మోచేతుల కింద పళ్ళాలు. నడుం చుట్టూ గరిటెలు, మోకాళ్ళకు మూతలు. అన్నీ పాత చున్నీలతో, అతనికి చెయ్యందని చోట ముడులు పడేలా కట్టింది. నెత్తిన పెద్ద గిన్నె బోర్లించింది. అది ముక్కు దాకా దిగింది.

"ఏమీ కనబడట్లేదే!"

"కనబడాలని రూల్లో లేదుగా. నడవండి."

మాస్టారు ఒక అడుగు వేశాడు. మూకుడు గరిటెను పలకరించింది. గరిటె మూతను పలకరించింది. ఉయ్యాల్లోంచి 'ఊఁ' అని మూలుగు. మాస్టారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఆమె ఒక్క అంగలో వెళ్ళి ఉయ్యాల ఊపింది. మూలుగు సద్దుమణిగింది.

"చచ్చారు," అంది గుసగుసగా.

"చావలేదు. వాడు లేవలేదుగా!" అతనూ గుసగుసలాడాడు. "తప్పు నాది కాదు, కవచానిది. ఛాతీ ఖాళీగా ఉంది, అన్నీ అక్కడికొచ్చి కొట్టుకుంటున్నాయి. అసలైన వీరులు ఛాతీకి మెత్తగా దిండులాంటిది బిగించుకుంటారు. అది ఉంటే చీమకు కూడా వినబడదు."

"అదీ కడితే ఇంక సాకులు ఉండవుగా?"

"ఉంటే చెవి కోయించుకుంటా. గట్టిగా బిగించు. జారకూడదు."

"జారనిస్తానా," అంది ఆమె.

కాసేపటికి మెత్తగా, బరువుగా ఏదో వచ్చి అతని ఛాతీకి ఆనింది. భుజాల మీదుగా పట్టీలు వెళ్ళి వీపు మీద బిగుసుకున్నాయి.

"అబ్బ! ఇదీ కవచమంటే," అన్నాడు మాస్టారు. తడిమి చూద్దామని చెయ్యెత్తబోయి, పళ్ళెం మూకుడికి తగిలేలా ఉందని దించేశాడు. "ఎండలో ఆరేసిన దిండా? ఇంకా వేడి పోలేదు. ఇప్పుడు చూడు నా నడక."

అలికిడీ లేదు.

తల కాస్త వెనక్కి వంచి గిన్నె అంచు కిందినుంచి చూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద, ఆమె గడప దాటుతోంది. ఒకసారి వెనక్కి తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"ఏయ్!" అని అరవడానికి మాస్టారు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అప్పుడు ఛాతీ మీది దిండు చిన్నగా తుమ్మి, అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని, మళ్ళీ నిద్రలోకి జారుకుంది.