పన్నెండడుగుల కెప్టెన్

“ఆ చెవులు కావు,” అన్నారు మదర్ ఫాంట్రాయ్.

పరంజా మీద ఇమానీ ప్రూయిట్ చేతిలోని కుంచె అలాగే నిలిచిపోయింది. ఆవిష్కరణ మూడు గంటలకు. అప్పటికే ఒంటిగంటన్నర. మౌంట్ నేబో చర్చి తూర్పుగోడ మీద, ఎర్రతోక విమానం ముందు, కాలరుదాకా గీసిన కెప్టెన్ ఎమ్మెట్ ఫాంట్రాయ్ ముఖమే పన్నెండడుగులు. ఆ లెక్కన చెవి ఒక్కొక్కటి చిన్నపాటి తలుపంత ఉంది. ప్రపంచయుద్ధంలో ఇటలీ ఆకాశాన్ని ఏలి వచ్చిన ఆ నల్లజాతి వీరుడికి బస్సులో ముందు సీటు ఇవ్వడానికి అలబామా పదేళ్లు ఆలోచించింది. గోడ ఇవ్వడానికి మరో యాభై ఏళ్లు ఆలోచించింది. ఈలోగా ఆయన కన్నుమూశారు; భార్య మదర్ ఫాంట్రాయ్ మిగిలారు.

“అయ్యో తల్లీ, ఫోటోలో ఉన్నవి ఇవే చెవులు!” అంటూ పరుగున వచ్చారు చర్చి పెద్ద డీకన్ టిబ్స్. వైమానిక వీరస్మారక శాశ్వత సంఘానికి ఆయన అధ్యక్షులు. ఆ సంఘంలో సభ్యులు తొమ్మిదిమంది, ఉపసంఘాలు పదకొండు. “సాక్షాత్తూ సైన్యంవారు తీసిన ఫోటో తల్లీ!”

“మనవాళ్లకి విమానం నడపడం చేతకాదని చెప్పిందీ ఆ సైన్యమే కదా, డీకన్. దాని చూపు మీద నీకంత నమ్మకమా?”

డీకన్ ఫోటోను మెల్లగా జేబులో పెట్టుకున్నారు.

మౌంట్ నేబోకు రాయని రాజ్యాంగం ఒకటుంది. పాస్టర్ ప్రార్థించవచ్చు, డీకన్లు తీర్మానించవచ్చు. ముందు వరుసలో తెల్లని దుస్తులతో కూర్చునే చర్చి తల్లి, అంటే మదర్ ఫాంట్రాయ్, తల ఊపనిదే ఆ గోడల్లోకి మేకు కూడా దిగదు. ఆమె తల ఊపని చిత్రం ఒకటి, అదీ ప్రభువువారి కడపటి విందు, సోమవారానికల్లా సున్నం కింద సమాధి అయింది. ఇమానీ మూడు నెలల కష్టానికి అంతకు మించిన హామీ ఏదీ లేదు.

“ఎలా ఉండాలి మదర్?”

మదర్ ఫాంట్రాయ్ కళ్లు మూసుకున్నారు. చాలాసేపటికి తెరిచారు. “తలకి అంటుకుని ఉండాలి. చిన్నవి.”

ఇమానీ చెవులు దిద్దింది.

“ఇప్పుడు గడ్డం. అంత పలక కాదు. కోసుగా.”

గడ్డం కోసుదేరింది. మదర్ మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఒళ్లోని రుమాలును ఆమె వేళ్లు మడత పెడుతున్నాయి, విప్పుతున్నాయి.

“మీసం వెయ్.”

“మీసమా? ఫోటోలో లేదు కదా మదర్!”

“నువ్వు అడగడానికొచ్చింది నన్నా, ఫోటోనా? పెన్సిల్ గీతంత చాలు పిల్లా. దువ్వడానికి కూడా సరిపోయేది కాదు.”

రెండుంబావు అయింది. చర్చి వెనక క్యాట్‌ఫిష్ వేగుతున్న వాసన గోడ చుట్టూ తిరుగుతోంది. బాకాలవాళ్లు ఒకే స్వరాన్ని పదేపదే ఊది చూసుకుంటున్నారు. పదకొండు పేజీల ఉపన్యాసంతో మేయరుగారు బయలుదేరారన్న కబురు వచ్చింది. డీకన్ టిబ్స్ గోడకీ గేటుకీ మధ్య, ముట్టడిలో చిక్కిన కోటను కాచే సేనానిలా తిరుగుతున్నారు.

“తల్లీ, చేపలు చల్లారిపోతున్నాయి!”

“చల్లారిన చేపని మళ్లీ వేయించుకోవచ్చు. తప్పిపోయిన మొహాన్ని ఎవడు వేయించిపెడతాడు? నీడ పడుతోంది, పక్కకి జరుగు.”

డీకన్ జరిగారు. ఇమానీ పెదవి కొరుక్కుంది. “ఇంకేమైనా ఉందా మదర్?”

“ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. ముందుపళ్ల మధ్య సందు. రంగు ఇంకొంచెం చిక్కగా, చెరుకుపాకం అడుగుకి దిగినప్పటిలా.”

“సందు కనిపించాలంటే నవ్వించాలి. ఈయన మూతి బిగించుకుని ఉన్నాడు కదా!”

“నవ్వించు మరి. అంత ఎత్తున నిలబెట్టి ఏడిపిస్తావా?”

“నా ఉద్యోగంలో ఇదొకటి మిగిలింది,” అని గొణిగి ఇమానీ మళ్లీ పైకెక్కింది. కుంచెను ఎడమచేతికి మార్చి, వేళ్లు విదిలించి, తిరిగి కుడిచేతికి తీసుకుంది. గాటు పడింది. పన్నెండడుగుల ముఖం నెమ్మదిగా నవ్వింది. సైన్యానికి చెందిన గాంభీర్యమంతా ఆ సందులోంచి ఎటో జారిపోయింది.

డీకన్ దొంగచాటుగా జేబులోని ఫోటోను చూసుకున్నారు. గోడ వంక చూశారు. ఫోటోను జేబులోకి ఇంకా లోతుగా తోశారు.

గేటు దగ్గర మేయరుగారి కారు ఆగింది. మదర్ ఫాంట్రాయ్ అవేవీ పట్టనట్టు, చేతికర్ర ఆసరాగా లేచి నిలబడ్డారు. గోడ దగ్గరికి నడిచి, తనకు అందిన మేరకు, చొక్కా కాలరు మీద అరచేయి ఆన్చారు. రంగు ఇంకా తడిగానే ఉంది. ఆమె చేతి తొడుగు పాడైంది.

ఆమె తల ఊగింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

“హల్లెలూయా!” అని డీకన్ టిబ్స్ టోపీ ఎగరేశారు. “అమ్మాయ్, ఇక పేరు! త్వరగా!”

చర్చి తల్లి అనుమతి అందేదాకా బొమ్మ కింద పేరు రాయకూడదన్నది అక్కడి నియమం. ఇమానీ పరంజా దిగి, తెల్ల రంగులో కుంచె ముంచింది.

“కెప్టెన్ అని మొదలుపెడుతున్నాను మదర్.”

“కెప్టెన్ కాదు, లెఫ్టినెంట్. లెఫ్టినెంట్ హోరేస్ టాలివర్ అని రాయి.”

డీకన్ టోపీ నేలమీద పడింది. “హోరేస్ టాలివరా? ఎవరు తల్లీ అతను?”

“మా ఆయన విమానం రెక్క పక్కనే ఎగురుతూ తిరిగి రాకుండా పోయిన కుర్రాడు, డీకన్, మా ఆయనకి నీ జేబులో ఫోటో ఉంది, అతనికి ఇవాళ్టిదాకా నా జ్ఞాపకం తప్ప ఏమీ లేదు.”