ఇవాళ ఏం తిన్నావ్?

సాయంత్రమయ్యేసరికి రేడియో గరగరలాడింది.

"హలో నమ్రతా, ఇవాళ ఏం తిన్నావ్?"

మొదలెట్టాడమ్మా మహానుభావుడు! నమ్రత తల పట్టుకుంది.

అలాస్కా ఉత్తర కొసన, చెట్టూ చేమా లేని మైదానం. దాని అడుగున ఇంకా ఎవరికీ దొరకని చమురు, గ్యాస్ ఎంత ఉండొచ్చో అంచనా వేయడానికి రాళ్ల నమూనాలు ఏరడం నమ్రత పని. తోడొచ్చిన రఘువీర్‌కి కాలు బెణికితే హెలికాప్టర్‌లో బేస్‌కి తీసుకెళ్లారు. ఆ వెనకే పొగమంచు కమ్మేసింది. రోజులు గడిచినా హెలికాప్టర్ మళ్లీ రాలేదు.

గుడారంలో ఆమె ఒక్కతే. సాయంత్రాలు రేడియోలో పలకరించేది ఈ వాల్టర్. మనిషెలా ఉంటాడో కూడా తెలియదు.

"పప్పన్నం, ఆవకాయ," అంది.

"ఆవకాయంటే?"

"మామిడికాయ పచ్చడి. బాగా కారం."

"వేడి అన్నంలోనా?"

"అవును."



"మళ్లీ ఒకసారి చెప్పవూ? నెమ్మదిగా."

నమ్రతకి ఒళ్లు మండింది. తనిక్కడ భయంతో చస్తుంటే ఈయనకి వంటల గోల! కాపెల్‌లో ఇంటి దగ్గరున్న అమ్మ కూడా ఇంతలా ఆరా తీయదు.

"హెలికాప్టర్ ఎప్పుడొస్తుందో చెప్పండి చాలు. నా తిండి సంగతి మీకెందుకు?"

"సారీ," అన్నాడు వాల్టర్. "ధైర్యంగా ఉండు. ముందు నీ దగ్గరికే వస్తుంది."

మర్నాడు సాయంత్రం రేడియో మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు.

గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒంటరితనమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. అన్నం సయించలేదు. తనే పిలుద్దామనుకుంది గానీ మొహం చెల్లలేదు.

మూడోరోజు మంచు కాస్త విడింది. హెలికాప్టర్ వచ్చి ఆమెను ఎక్కించుకుంది. బేస్‌లో దిగేసరికి మంచు మళ్లీ ముసురుకుంది.

ఆవకాయ సీసా పట్టుకుని రేడియో గదికి పరుగెత్తింది. మైక్ ముందు రఘువీర్ ఒక్కడే ఉన్నాడు.

"రఘూ, వాల్టర్ ఎక్కడ? సారీ చెప్పాలి. ఇది టేస్ట్ చేయించాలి."

"ఆయన బేస్‌లో ఉండడు నమ్రతా. మన గుడారానికి అవతల, కొండ పక్కన ఫ్యూయల్ డ్రమ్ములకి కాపలా. ఒక్కడే ఉంటాడు."

"మరి రోజూ నాకు కాల్ చేసేవాడే?"

"అది ఆయన డ్యూటీ కాదు. నువ్వు ఒక్కదానివే ఉన్నావని తెలిసి, తనే మాట్లాడతానన్నాడు."

"అయ్యో! ఇప్పుడే కాల్ చెయ్, నేను మాట్లాడతా."

"హెలికాప్టర్ నీ దగ్గరికి బయల్దేరిందని చెప్పాను. అప్పట్నుంచి పలకట్లేదు."

రఘువీర్ ఆవకాయ సీసా వైపు చూశాడు.

"మంచు కమ్మిన మొదటి రోజే ఆయన తిండంతా ఎలుగుబంటి ఊడ్చేసింది. మంచు విడినా హెలికాప్టర్‌కి ఒక్క ట్రిప్‌కే వీలవుతుందని చెప్తే, 'ముందు ఆ పిల్లని తెచ్చేయండి' అన్నాడు."