మెట్లకు వేసిన చెక్క

మట్టి ఇంటి మెట్ల మీద ఏటవాలుగా వేసిన చెక్కను పాత కట్టడాల శాఖ అధికారి బూటుతో తట్టి చూశాడు.

"ఇది తీసేయండి."

లీలాకుమారి చెక్కకు అడ్డంగా వచ్చి నిలబడింది. మస్కట్‌కు దూరంగా, ఇబ్రా పట్నం దగ్గరి ఆ పల్లెలో ఒంటరిగా ఉంటున్న రాబియాను చూసుకోవడానికి కొత్తగా కుదిరిన నర్సు ఆమె. కాళ్లు పట్టు తప్పాక ఆ ముసలావిడకు చక్రాల కుర్చీయే గతి. పొద్దుటి ఎండలోకి రావాలంటే ఆ చెక్కే ఆధారం. జాలిపడి దాన్ని వేసిపెట్టింది ఇంటి మరమ్మతులు చేయిస్తున్న మేస్త్రీ జావెద్, కడపవాడు.

"జావెద్ గారూ, మీరైనా చెప్పండి. ఆవిడ బయటికెలా వస్తారండీ?"

"నా చేతిలో ఏముంది సిస్టర్! అవార్డోళ్లు వచ్చి చూసేదాకా ఇల్లు పాతకాలంలో ఎట్లుండెనో అట్లే ఉండాలంట. మేకు కొట్టినా మా కంపెనీ ఊరుకోదు."

పల్లెల్లో పాత ఇళ్లు కూలిపోకుండా కాపాడిన దివంగత ఆర్కిటెక్టు ఒకరి పేరు మీద పెట్టిన అవార్డు అది. ఈ ఇల్లు పోటీలో ఉంది.

కుర్చీలోంచి రాబియా అధికారితో అరబీలో లీలాకుమారికి అందనంత గబగబా ఏదో అంది. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. అతను నిదానంగా ఇచ్చిన జవాబు మాత్రం లీలాకుమారికి అర్థమైంది.

"మాకు తెలుసమ్మా. అందుకే దేన్నీ ముట్టుకోనివ్వడం లేదు."

చెక్క పోయింది. అవార్డు వాళ్లు వచ్చి మెట్లను ముచ్చటపడి ఫొటోలు తీసుకుని వెళ్లారు. రాబియా లోపలి గదిలోనే ఉండిపోయింది.

"ఎండ ఏది?" అని రోజూ అడిగేది.

ఒక ఉదయం లీలాకుమారి వేడినీళ్లు తెచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గోడ పట్టుకుని తనంతట తనే దిగబోయిన ముసలావిడ మెట్ల కింద పడి మూలుగుతోంది. తుంటి విరిగింది.

ఆసుపత్రి నుంచి ఆమెను మళ్లీ ఆ ఇంటికి తీసుకురాలేదు. ఇబ్రాలో మేనల్లుడి ఫ్లాట్‌లో, కిటికీ తెరవని గదిలో మంచం వేశారు. ఇంటికి తాళం పడింది.

అవార్డు ఆ ఇంటికే వచ్చింది.

మస్కట్‌లో జరుగుతున్న సభను లీలాకుమారి ఫోన్‌లో పెట్టి, రాబియాకు కనబడేలా పట్టుకుంది. ఒక్క మట్టి ఇటుక కూడా మార్చలేదని వక్త చెబుతుంటే హాలంతా చప్పట్లు. వేదిక వెనక తెర మీద, అవార్డుకు పేరిచ్చిన ఆర్కిటెక్టు ఫొటో వచ్చింది. తలపాగా, సన్నటి నవ్వు.

"పెద్ద మనిషేనట. మీకు తెలుసా అమ్మా?"

రాబియా వేలితో ఆ ముఖాన్ని తాకింది.

"నన్ను పెళ్లి చేసుకుని ఆ ఇంటికి తెచ్చింది ఈయనే."