బొట్టు పెట్టించుకునే మిషన్

నాన్న వదిలిపోయిన లేత్ మిషన్ని అమ్మేద్దామని తేల్చేసుకున్నాను. ఏ సామానైనా ఇంట్లోనే ప్రింటర్‌లో అచ్చుపోసుకునే ఈ రోజుల్లో దానికి పనేముంది? తుడవలేక నా నడుం పడిపోతోంది. పైగా దసరా వస్తే ఆటోనగర్ అంతా మా షెడ్డులోనే. కొత్త మిషన్లకు కుంకుమ తగిలితే గ్యారంటీ పోతుందట! వాటి బొట్లు కూడా దీనికే పెట్టిపోతారు.

లేత్‌ని తీసుకెళ్లడానికి నిన్న డ్రైవర్ లేని బండి దానంతటదే వచ్చింది. సామాను ఎక్కించడానికి దాని వెంట వచ్చిన కోటయ్య లేత్‌ని చూడగానే చెప్పులు విప్పి, జేబులోంచి కుంకుమ పొట్లం తీశాడు.

"అక్కా, మా బండి పేరు చెప్పి దీనికి ఒక్క బొట్టు పెట్టుకోనా? బొట్టు లేని బండెక్కాలంటే బెదురుగా ఉంటోంది."

"పెట్టుకో తమ్ముడూ," అన్నాను. "పెట్టి, ఖాళీ బండితోనే వెళ్లిపో. దసరాకి మళ్లీ దీన్ని తుడిచి చచ్చేది నేనే."