పెద్ద సీసా

"గ్లూకోజు పెద్ద సీస ఎక్కియ్యి సారూ," మేడ్చల్ ఆస్పత్రి మంచమ్మీద వాలుతూనే అంది బాలనర్సమ్మ.

"అన్నీ చూశానమ్మా. వట్టి నీరసం. గ్లూకోజెందుకు? తిని, కంటినిండా నిద్రపో," అన్నాడు డాక్టరు.

"ఇంట్ల పండనిస్తరా? సీస ఎక్కుతాంటెనే మనిషిని లేపరు. జర నిదానంగ ఎక్కియ్యి."

డాక్టరు నవ్వి, సీసా తెచ్చేసరికి ఆమె గురక పెడుతోంది. సీసా తగిలించి, పైపు కొసను దుప్పటి కిందికి తోసి, తలుపు దగ్గరేసి బయటికొచ్చాడు.

సాయంత్రం ఆమె భర్త వచ్చాడు. "ఇంక గాలేదా సారూ? బర్రెలు ఒర్రుతున్నయ్. పాలు పిండాలె."

"పెద్ద సీసా కదా! ఇంకా చుక్కయినా దిగలేదు. ఇవాళ్టికి నువ్వే పిండు, పో."

డాక్టరు అబద్ధమాడలేదు. దుప్పటి కింద పైపుకి సూదే లేదు.