ఇటు వెలుతురుల కూసోండ్రి

"పొద్దటి నుంచి ఫోన్ చేస్తున్న. ఎత్తవేందయ్యా?"

శ్రీధర్‌రావు గొంతు చించుకుని అడిగాడు. అరవక తప్పదు. సిరిసిల్లలోని ఆ రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారే ఆడుతున్నాయి, వాటి దెబ్బకు నేల కూడా అదురుతోంది. వాకిట్లో నిలబడి పిలిచీ పిలిచీ, ఎవరూ పలకకపోతే నేరుగా లోపలికి వచ్చాడు. సాంచె దగ్గర వంగి ఉన్న మనిషి భుజం తడితే గానీ అతను ఇటు తిరగలేదు.

అతను హనుమండ్లు. వచ్చినాయన మెడలోని కార్డు చూశాడు, మొహం చూశాడు, చేతులు జోడించాడు.

"గీ మోతల ఫోనేం ఇనవడ్తది సార్. మెసేజ్ పెడితె సూస్తుంటి."

ఢిల్లీలోని స్కాలర్‌షిప్ ఆఫీసు తరఫున ఇళ్లకు వెళ్లి విచారించడం శ్రీధర్‌రావు ఉద్యోగం. హనుమండ్లు కూతురు సృజన చెవులు వినిపించని పిల్లల కోటాలో కేంద్రం స్కాలర్‌షిప్ తీసుకుంటోంది. ఆ పిల్లకు చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయని, ఏదడిగినా టక్కున జవాబిస్తుందని ఎవరో ఆఫీసుకు ఫిర్యాదు పంపారు. అదే నిజమైతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. కరీంనగర్‌లో హాస్టలూ, డిగ్రీ ఆఖరి ఏడాదీ అంతటితో సరి. పిల్ల వచ్చి ఈ సాంచాల మధ్యే నిలబడాలి.

శ్రీధర్‌రావుకు జాలి లేదని కాదు. మోసపోయి మోసపోయి అది కాస్తా అరిగిపోయింది. కాలు కదలదని సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాడు నస్పూర్‌లో బస్సు వెనక పరుగెత్తి ఎక్కడం మొన్ననే కళ్లారా చూశాడు. అప్పటి నుంచి ఎవరి కన్నీళ్లు చూసినా ముందు అనుమానమే పుడుతోంది.

గోడ పక్కనున్న స్టూలు మీద కూర్చోబోయాడు. హనుమండ్లు గబగబా వచ్చి దాన్ని కిటికీకి ఎదురుగా జరిపాడు.

"ఇటు వెలుతురుల కూసోండ్రి సార్."

మర్యాద తెలిసిన మనిషే అనుకున్నాడు శ్రీధర్‌రావు. మర్యాద ఎక్కువైన చోట మతలబు ఉంటుందని కూడా అనుకున్నాడు.

సెలవులకు ఇంటికొచ్చిన సృజన చాయ్ తెచ్చి ఇచ్చి, తండ్రి పక్కన నిలబడింది. సన్నగా, కళ్లు పెద్దవిగా ఉన్న పిల్ల. శ్రీధర్‌రావు కావాలనే గొంతు తగ్గించాడు.

"ఏం చదువుతున్నవమ్మా?"

"బీకామ్ సార్."

"హాస్టల్ల తిండి మంచిగుంటదా?"

"పప్పు నీళ్ల లెక్కుంటది సార్. అలవాటైంది."

"ఇప్పుడు నేనన్న మాట ఈ మోతల నాకే ఇనబడలే. నీకెట్ల ఇనబడ్డది?"

"ఇనవడలే సార్. మీ మూతి జూసిన." పిల్ల తడబడలేదు. "పదో ఏట మెదడువాపు జ్వరమొచ్చింది. అప్పటిసంది చెవులు పోయినయ్. సాంచాల కాడ చెవులున్నోళ్లు సుత మూతి జూసే మాట్లాడుకుంటరు. నాకు బాపు నేర్పిండు. రోజు ఎదురుంగ కూసోవెట్టుకొని నేర్పిండు."

జవాబు ముందే తయారుచేసి పెట్టుకున్నారన్నమాట. శ్రీధర్‌రావుకు నూలు దుమ్ముకు తుమ్ములు ముంచుకొచ్చాయి. ముక్కూ నోరూ మూసుకునేలా కర్చీఫ్ కట్టుకుని తండ్రి వైపు తిరిగాడు. పిల్ల కంటే పెద్దవాళ్లను కదిపితేనే నిజం బయటపడుతుందని అతని అనుభవం.

"సర్టిఫికెట్ ఎవలిచ్చిండ్రు? డాక్టరుకు ఎంత ముట్టజెప్పినవ్?"

హనుమండ్లు పలకలేదు. నోరు కొంచెం తెరిచి అలాగే చూస్తున్నాడు. శ్రీధర్‌రావు మళ్లీ గట్టిగా అడిగాడు. హనుమండ్లు కూతురి వైపు దిక్కు తోచనట్టు చూశాడు, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

దొరికిపోయాడు అనుకున్నాడు శ్రీధర్‌రావు. కర్చీఫ్ కిందికి లాగి, ఒక్కో మాటా ఒత్తి ఒత్తి మళ్లీ అడిగాడు.

"అయ్యో, ఎవలకు పైస ఇయ్యలే సార్." ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "పెద్దదవాఖానల మల్ల మల్ల పరీక్షలు జేసినంకనే ఇచ్చిండ్రు. జర దయుంచుండ్రి. నా బిడ్డ నా లెక్క సాంచాల పాలు గావద్దు."

అబద్ధం అల్లుకోవడానికి ఆమాత్రం సమయం పట్టదూ మరి. రద్దు చేయమని రాయడానికే నిశ్చయించుకుని శ్రీధర్‌రావు లేచాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

సాంచాలు ఆగిపోయాయి. పక్కింట్లో కుక్కర్ కూత, వాకిట్లో కోడిపిల్లల అరుపులు, అన్నీ ఒక్కసారి వినిపించాయి. నేత పనివాళ్లకు కరెంటు లేని సమయమే తెగిన పోగులు అతికించుకునే సమయం. హనుమండ్లు చివరి సాంచె దగ్గరికి వెళ్లి అటు తిరిగి వంగాడు. సృజన దగ్గరున్న సాంచె మీదికి వంగి తెగిన పోగు కోసం వెతుకుతోంది.

శ్రీధర్‌రావు పిల్లిలా ఆమె వెనక్కి వెళ్లాడు. తండ్రికి వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు.

"నీ స్కాలర్‌షిప్ రద్దయింది తల్లీ. ఇంక కాలేజీకి పోవద్దు."

సృజన వేళ్లు ఆగలేదు. చెవి పక్కనే చప్పట్లు కొట్టాడు. ఆమె జడ కూడా కదల్లేదు. దొరికిన పోగును నాలుక చివర తడిపి, నింపాదిగా ముడి వేసుకుంటోంది.

శ్రీధర్‌రావుకు సిగ్గేసింది. చదువుకునే ఆడపిల్ల వెనక దొంగలా నిలబడిన తన మీద తనకే అసహ్యం వేసింది. నస్పూర్ కుర్రాడి మీద కోపం తెచ్చి ఈ ఇంటి మీద పోశానే అనుకున్నాడు. కళ్లు చెమర్చాయి. తను ఇంత భయపెట్టిన ఆ తండ్రికి ముందు చల్లని మాట చెప్పాలి.

వాకిట్లో కోడిపిల్లలు చెదిరిపోయేంత గట్టిగా పిలిచాడు.

"హనుమండ్లూ, ఫికర్ జెయ్యకు. నీ బిడ్డ చదువు ఆగదు. నేను రాసిస్తున్న."

ఆ కేకకు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

హనుమండ్లు కూడా తిరిగి చూడలేదు.