డేగిసాలో పుడ్డింగు

"అటు కాదమ్మాయ్! తూర్పు నుంచి పడమరకి తిప్పాలి."

బ్రయొనీ గరిటె ఆపింది. పొద్దుటి నుంచి అత్తగారు వంక పెట్టడం ఇది ఎన్నోసారో ఆమెకే తెలియదు.

"తూర్పెటో నాకేం తెలుసు అత్తయ్యా? ఈ వంటింటికి ఉన్నదొక్క కిటికీ. తెరిస్తే పక్కింటి గోడ."

"అదే మన పాత ఇంట్లో అయితే..."

"ఆ ఇంటి మాటెత్తకండి."

క్రిస్మస్ ఇంకా నెలుంది. పుడ్డింగు ఇప్పుడే ఆవిరి మీద ఉడికించి దాచకపోతే రుచి ఊరదు. హాలిఫాక్స్ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. అత్తగారు ఈనిడ్ మాత్రం తనొక్కదానికే తెలుసన్నట్టు కుర్చీ పొయ్యి పక్కకే లాక్కుని కూర్చుంది. కీళ్ళనొప్పులతో ఆవిడ వేళ్ళు వంకర్లు పోయాయి. చెంచా కూడా నిలవదు. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

పుడ్డింగు పిండిలో కలిపే గట్టి కొవ్వు ముతకగా తురిమావంది. ఎండుద్రాక్ష బ్రాందీలో సరిగ్గా నానలేదంది. పింగాణీ గిన్నె మీద కట్టిన కాగితానికి మడత లేదని తాడు మొత్తం విప్పించింది.

"అది ఉబ్బడానికి చోటుండొద్దూ? నీ పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతున్నాను."

"మీరే కట్టుకోండి అయితే!"

"కట్టుకోగలిగితే నీ చేతిలో ఎందుకు పడతాను?"

బ్రయొనీ పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ కట్టింది. ఎట్టకేలకు పింగాణీ గిన్నె డేగిసాలోకి దిగింది. ఇక సాయంత్రం దాకా, నీళ్ళు ఇగరకుండా వేణ్ణీళ్ళు పోస్తూ కాచుకోవాలి.

మధ్యాహ్నం పై వాటాలోంచి మార్జరీ వచ్చింది. అక్కడ దిగి నెల కూడా కాలేదు. గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించింది.

"మీ అత్తగారి అరుపులు పైదాకా వినిపిస్తున్నాయి. మా అక్క పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక గది ఖాళీ అయింది. నీ కోసం ఒక్క మాట చెప్పమంటావా?"

బ్రయొనీ నోరు తెరిచేలోగా లోపలి నుంచి కేక.

"నీళ్ళు! మాడ్చేస్తున్నావ్!"

పరుగెత్తింది. డేగిసా అడుగు చిటపటలాడుతోంది. కంగారులో కుళాయి నీళ్ళు పట్టి గుమ్మరించింది. ఫట్‌మని పింగాణీ గిన్నె నిలువునా పగిలింది. నల్లని పిండి నీళ్ళలోకి జారిపోయింది. పొద్దుటి నుంచి పడ్డ చాకిరీ అంతా అందులోనే కలిసిపోయింది.

"చన్నీళ్ళు పోశావా? బుర్రుందా నీకు?"

"లేదు! లేదు కాబట్టే మీతో వేగుతున్నాను!" బ్రయొనీ అరిచింది. "ఇంకొకతయితే మిమ్మల్ని ఎప్పుడో..."

ఆగిపోయింది. ఈనిడ్ తల దించుకుని తన వేళ్ళకేసి చూసుకుంది.

బ్రయొనీ నేలమీద చతికిలబడి, ఏప్రను ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కాసేపటికి ఏదో గీసుకుంటున్న చప్పుడు. ఈనిడ్ రెండు మణికట్లతో ఎండుద్రాక్ష డబ్బాను బల్ల మీద ఇటు నెడుతోంది.

"ఇంకా సగముంది. లే. మళ్ళీ కలుపుదాం."

"గిన్నె లేదు."

"టీ కూజా లేదూ? దాన్లో ఉడుకుతుంది. నీ ఏడుపు మాత్రం పిండిలో పడనివ్వకు, ఉప్పెక్కువవుతుంది."

బ్రయొనీకి ఏడుపులోనే నవ్వొచ్చింది. లేచి పిండి కలిపింది. గరిటె పట్టిన ఆమె చేతి మీద ఈనిడ్ తన వంకర చెయ్యి వేసింది.

"అటు కాదు. ఇటు."

గుమ్మంలో మార్జరీ తల పట్టుకుంది. "ఏం పాపం చేశావమ్మా, ఇలాంటి అత్తగారు నీకు తగులుకుంది?"

"తగులుకోలేదు. నేనే తెచ్చుకున్నాను," అంది బ్రయొనీ గరిటె ఆపకుండా.

విడాకుల పంపకాల్లో ఇల్లూ, కారూ, సామానూ అన్నీ మొగుడికే వదిలేసి, ఆమె పట్టుబట్టి అడిగి తెచ్చుకున్నది ఆ అత్తగారొక్కదాన్నే.